పాత కాగితాల్లో దాగిన ప్రకృతి లెక్కలు: వెలికితీస్తున్న టెక్స్ట్ మైనింగ్

1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకున్న పెద్ద స్థావరాన్ని గుర్తించారు. తర్వాతి కాలంలో ‘ఇందుచూడన్’ అనే కలం పేరుతో మలయాళ పాఠకులకు పక్షులను పరిచయం చేసింది ఈయనే. ఆరేడులో తాను చూసినదాన్ని ఆయన 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వ్యాసంగా ప్రచురించారు.

ఆ తర్వాత ఆ ప్రాంతం చాలా మారింది. ఇటు కొల్లేరులో చేపల చెరువులు వెలిశాయి. 1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను కొట్టేశారు. ఇప్పుడు అటపాక పక్షుల కేంద్రానికి వెళ్లినవారికి గూడబాతులు కనిపిస్తాయి. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఈ ప్రాంతంలో ఎన్ని పక్షులుంటే అంతా బాగున్నట్టు? ఇది తేలాలంటే ఒకప్పుడు ఎన్ని ఉండేవో ముందు తెలియాలి.

ఇదే చిక్కును చేపల శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో ఎత్తిచూపారు. ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము వృత్తిలోకి వచ్చినప్పుడు చూసిన పరిస్థితినే ‘మామూలు’ అనుకుంటారని, అంతకు ముందే పోయినవి లెక్కలోకి రావని ఆయన చెప్పారు. అంటే కొలిచే బద్దే తరానికి కొంత కురచబడుతూ వస్తుంది.

ఉపగ్రహ చిత్రాలు ఈ లోటును కొంతవరకే తీర్చగలవు. భూమిని పరిశీలించే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పరంపర మొదలైందే 1972లో. ఆసియా నీటి పక్షుల గణన 1987లో ఆరంభమైంది. అంతకు ముందు సంగతులు తెలియాలంటే జర్నల్స్, సర్వే నివేదికలు, మ్యూజియం రికార్డులు తిరగేయాల్సిందే. వీటిలో చాలా భాగం ఇప్పుడు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉంది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ ఒక్కదానిలోనే 6 కోట్లకు పైగా పేజీలున్నాయి. బాంబే సొసైటీ జర్నల్ పాత సంపుటాలూ అందులో దొరుకుతాయి. నిమిషానికి ఒక పేజీ చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు, సెలవు లేకుండా చదివినా అవన్నీ పూర్తి కావడానికి 340 ఏళ్లు దాటుతుంది.

అందుకే శాస్త్రవేత్తలు చదివే పనిలో కొంత కంప్యూటర్‌కు అప్పగిస్తున్నారు. ఈ పద్ధతి పేరే టెక్స్ట్ మైనింగ్.

కంప్యూటర్ ‘చదవడం’ అంటే

గనిలో టన్నుల కొద్దీ మట్టి తవ్వితే గ్రాముల్లో బంగారం దొరుకుతుంది. టెక్స్ట్ మైనింగ్‌లో మట్టి స్థానంలో వాక్యాలుంటాయి. పని దశలవారీగా సాగుతుంది. ముందు పత్రాలను సేకరిస్తారు. స్కాన్ చేసిన పేజీ కంప్యూటర్‌కు ఒక బొమ్మ మాత్రమే కాబట్టి, అందులోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పాఠంగా మారుస్తారు. తర్వాత ఆ పాఠంలో జీవుల పేర్లు, ఊళ్ల పేర్లు, తేదీలు, సంఖ్యలు ఎక్కడున్నాయో గుర్తిస్తారు. చివరగా ఏ జీవి, ఏ చోట, ఏ ఏడాది, ఎన్ని అనే సంబంధాన్ని కలిపి పట్టికలో చేరుస్తారు.

ఏది పనికొచ్చే పత్రమో కంప్యూటర్‌కు దానంతట అది తెలియదు. మొదట మనుషులు కొన్ని పత్రాలు చదివి ‘ఇది కావాలి, ఇది వద్దు’ అని గుర్తులు పెడతారు. వాటిని చూసి ప్రోగ్రామ్ నేర్చుకుంటుంది. ఆపై చదవని లక్షల పత్రాలను అదే పద్ధతిలో వడపోస్తుంది.

ఈ వడపోత ఎంత బాగా జరిగిందో చూడటానికి రెండు కొలతలున్నాయి. చేపల వేటతో పోలిస్తే ఇవి తేలిగ్గా అర్థమవుతాయి. వలలో పడినదాంట్లో నాచు, చెత్త పోను చేపలెన్ని అన్నది మొదటి కొలత. చెరువులో ఉన్న మొత్తం చేపల్లో వలకు చిక్కినవెన్ని అన్నది రెండోది. వల కన్ను చిన్నదైతే చేపలు తప్పించుకోవు గానీ చెత్త కూడా వస్తుంది. పెద్దదైతే చెత్త తగ్గుతుంది, చిన్న చేపలు జారిపోతాయి. అరుదైన జీవి గురించి వెతికేటప్పుడు ఒక్క పత్రం జారినా నష్టమే. అందుకని పరిశోధకులు చాలాసార్లు చిన్న కన్ను వలనే ఎంచుకుని, చెత్తను చేత్తో ఏరుకుంటారు.

ప్రచురితమైన పత్రాల్లోనే కొత్త విషయాలు దాగి ఉంటాయన్న ఆలోచన నలభై ఏళ్ల నాటిది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ స్వాన్సన్ 1986లో రెండు వేర్వేరు వైద్య పత్రాల గుంపులను పక్కపక్కన పెట్టి చూశారు. ఒక గుంపు చేప నూనె రక్తంపై చూపే ప్రభావాల గురించినది. మరొకటి రేనాడ్స్ సిండ్రోమ్ గురించినది. చలికి వేళ్లలో రక్తప్రసరణ తగ్గి పాలిపోయే జబ్బు ఇది. ఒక గుంపు రాసినవారు రెండో గుంపును పట్టించుకోలేదు. రెండూ కలిపి చదివితే చేప నూనె ఆ రోగులకు మేలు చేయవచ్చన్న ఊహ తట్టింది. అందరికీ అందుబాటులో ఉండి కూడా ఎవరి కంటా పడని విజ్ఞానం ఉంటుందని స్వాన్సన్ వాదన. ప్రకృతి మార్పుల విషయంలోనూ అదే వర్తిస్తుంది. చేపల నిపుణులు రాసింది పక్షుల నిపుణులు చదవకపోవచ్చు. నీటి నాణ్యతను కొలిచినవారు ఆ రెండూ చూడకపోవచ్చు. ముగ్గురూ రాసింది మాత్రం ఒకే సరస్సు గురించి కావచ్చు.

ఒక్క మొక్కకు నాలుగు పేర్లు

ఈ పనిలో మొదటి అడ్డంకి పేర్లే. కాలువల్ని, చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్కనే తీసుకుందాం. ఇంగ్లిష్‌లో దాని వాడుక పేరు వాటర్ హయసింత్. చాలాకాలం శాస్త్రీయ నామం ఐకార్నియా క్రాసిపెస్. 2018లో వెలువడిన వర్గీకరణ ప్రకారం పాంటెడేరియా క్రాసిపెస్. ఒక్క పేరుతోనే వెతికితే మిగతా పేర్లతో రాసిన పత్రాలన్నీ తప్పిపోతాయి. మన గూడబాతుకూ అంతే. ఇప్పుడు స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటున్నదాన్ని పాత పుస్తకాలు గ్రే పెలికాన్ అని కూడా రాశాయి.

ఊళ్ల పేర్లదీ ఇదే కథ. బ్రిటిష్ కాలపు రాతల్లో కొల్లేరు ‘కొలెయిర్’గా, కృష్ణా ‘కిస్ట్నా’గా, విశాఖపట్నం ‘వైజాగపటం’గా కనిపిస్తాయి. జిల్లాల సరిహద్దులు మారిపోయాయి. నీలకంఠన్ రాసిన పశ్చిమ గోదావరి, నేటి పశ్చిమ గోదావరి ఒకే వైశాల్యం గల జిల్లాలు కావు. అందుకే శాస్త్రీయ నామాల పాత, కొత్త రూపాలను జతచేసే జాబితాలు, పాత ఊళ్ల పేర్లను నేటి అక్షాంశ రేఖాంశాలకు కలిపే పట్టికలు టెక్స్ట్ మైనింగ్‌కు పునాది రాళ్లు. ఇవి తయారుచేయడం పేరు తెచ్చే పని కాదు. కానీ ఇవి లేకపోతే ఎంత శక్తిమంతమైన ప్రోగ్రామయినా తడబడుతుంది.

చిన్న మాటలు కూడా ఇబ్బంది పెడతాయి. ‘ఈ చెరువులో గూడబాతులు కనిపించలేదు’ అనే వాక్యంలో పక్షి పేరు ఉంది, చెరువు పేరు ఉంది. ‘లేదు’ను పట్టించుకోని ప్రోగ్రామ్ దాన్ని పక్షి ఉన్నట్టుగా నమోదు చేస్తుంది. జీవావరణ శాస్త్రంలో లేకపోవడం కూడా ముఖ్యమైన సమాచారమే. అది తారుమారైతే కనుమరుగైన జీవి కాగితం మీద బతికే ఉంటుంది.

లక్ష పత్రాల ప్రపంచ పటం

ఇన్ని చిక్కులున్నా ఈ పద్ధతి ఏం చేయగలదో 2021లో నేచర్ క్లైమేట్ చేంజ్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. బెర్లిన్‌లోని ఒక పరిశోధన సంస్థకు చెందిన మాక్స్ క్యాలహన్ బృందం వాతావరణ మార్పు ప్రభావాలపై వచ్చిన పత్రాలను వెతికేందుకు బెర్ట్ అనే భాషా నమూనాను వాడింది. వాక్యంలో ముందూ వెనకా ఉన్న మాటల్ని బట్టి ఒక పదానికి అర్థం పట్టుకోవడం దీని ప్రత్యేకత. మనుషులు గుర్తులు పెట్టిన సారాంశాలతో శిక్షణ ఇచ్చాక అది లక్షకు పైగా పత్రాలను ఏరింది. ప్రతి పత్రం ఏ ప్రాంతం గురించో, ఏ ప్రభావం గురించో వర్గీకరించింది.

బృందం అక్కడితో ఆగలేదు. పత్రాల పటాన్ని, ఉష్ణోగ్రత, వర్షపాతాల్లో మానవ కారణంగా వచ్చిన మార్పుల పటంతో కలిపి చూసింది. అంటార్కిటికాను మినహాయిస్తే ప్రపంచ భూభాగంలో 80 శాతం మేర, జనాభాలో 85 శాతం మంది నివసించే చోట, ఈ రెండూ ఒకదానిపై ఒకటి సరిపోలాయి. అంటే అక్కడ వాతావరణం మనుషుల వల్ల మారుతోంది, ప్రభావాలూ నమోదవుతున్నాయి.

అయితే ఆ పటంలో ఇంకో విషయం బయటపడింది. ఇలాంటి బలమైన ఆధారాలు పేద దేశాలతో పోలిస్తే సంపన్న దేశాల్లో రెండింతలు ఎక్కువగా ఉన్నాయి. పేద దేశాల్లో వాతావరణం మారుతున్న చోట్ల కూడా పత్రాలు పలచగా ఉన్నాయి. అక్కడ ప్రకృతి చెక్కుచెదరకుండా ఉందని దీని అర్థం కాదు. చూసి రాసినవారు తక్కువని అర్థం.

పత్రాల లెక్క వేరు, పక్షుల లెక్క వేరు

టెక్స్ట్ మైనింగ్ ఫలితాలను చదివేటప్పుడు మరువకూడని సంగతి ఇదే. యంత్రం లెక్కించేది మనుషులు రాసిన మాటలను. పక్షులను, చేపలను, చెట్లను కాదు.

33 ఎకాలజీ జర్నల్స్‌లో 1980 నుంచి 2016 వరకు వచ్చిన 84 వేలకు పైగా పత్రాలను కంప్యూటర్‌తో విశ్లేషించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఆ కాలంలో మానవ ప్రభావానికి సంబంధించిన అంశాల వాటా పెరిగిందని అది తేల్చింది. నిజంగా మానవ ప్రభావం పెరగడం ఇందుకు ఒక కారణం కావచ్చు. శాస్త్రవేత్తల దృష్టి అటు మళ్లడం, నిధులు ఆ అంశానికే దొరకడం కూడా కారణాలు కావచ్చు. మాటల లెక్క ఒక్కటే చూసి వీటిని విడదీయలేం. ఇలాంటి అధ్యయనం జీవావరణం గురించి కంటే దాన్ని అధ్యయనం చేసేవారి గురించే ఎక్కువ చెబుతుంది.

ఒక సరస్సు రామ్‌సార్ జాబితాలోకి ఎక్కిందనుకుందాం. మరుసటి ఏడాది నుంచి అక్కడికి వెళ్లే పరిశోధకులు పెరుగుతారు. పత్రాలు పెరుగుతాయి, వాటితో పాటు ‘కాలుష్యం’, ‘క్షీణత’ అనే మాటలూ పెరుగుతాయి. సరస్సు ఆ ఏడాదే చెడిపోయిందని దీన్నిబట్టి చెప్పలేం. పక్క మండలంలోని పేరులేని చెరువు పూడిపోతున్నా దాని గురించి ఒక్క వాక్యం ఉండదు.

దీనికి విరుగుడు ఉంది. మాటలు ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్కను ఆ ఏడాది వచ్చిన మొత్తం పత్రాలతో భాగించి చూడాలి. మాటల స్థానంలో కొలతలను, అంటే చోటు, తేదీ, సంఖ్య ఉన్న వాక్యాలను రాబట్టాలి. వాటిని క్షేత్ర గణనలతో, ఉపగ్రహ చిత్రాలతో సరిచూడాలి. లివింగ్ ప్లానెట్ ఇండెక్స్ వంటి జీవ జనాభా సూచికల కోసం కంప్యూటర్‌తో పత్రాలను ఏరే ప్రయోగాలు ఈ దారిలోనివే. అక్కడ యంత్రం ఉపయోగపడే పత్రాలను ముందుకు తెస్తుంది. అంకెలను తీసుకోవాలా వద్దా అన్నది నిపుణులు చూసుకుంటారు.

ఇంగ్లిష్‌కు అవతల

యంత్రం చదవని కాగితాలు మరో లోటు. కేంబ్రిడ్జిలో ఉండగా తత్సుయా అమానో బృందం 2014లో వెలువడిన జీవవైవిధ్య పరిరక్షణ పత్రాలను 16 భాషల్లో వెతికింది. దొరికిన 75,513 పత్రాల్లో 35.6 శాతం ఇంగ్లిష్‌లో లేవు. 2021లో అమానో నాయకత్వంలోని మరో అధ్యయనం ఇంగ్లిషేతర భాషల్లోని 4,19,679 పత్రాలను జల్లెడ పట్టింది. పరిరక్షణ చర్యలు ఎంతవరకు ఫలించాయో పరీక్షించిన అధ్యయనాలు వాటిలో 1,234 దొరికాయి. వీటిని కలుపుకుంటే అప్పటికే ఉన్న ఆధారాలు వర్తించే భౌగోళిక ప్రాంతం 12 నుంచి 25 శాతం, జీవజాతుల సంఖ్య 5 నుంచి 32 శాతం పెరుగుతాయని తేలింది. ఇదంతా కొత్తగా కొలిచింది కాదు. ఎవరో ఎప్పుడో కొలిచి, తమ భాషలో రాసి పెట్టిందే.

భారతదేశంలో పరిశోధన పత్రాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి. మన లోటు వేరే చోట ఉంది. అంతర్జాతీయ సూచికలకు ఎక్కని స్థానిక జర్నల్స్, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాలు, అటవీ, మత్స్య శాఖల నివేదికల్లో ఎంతో సమాచారం ఉండిపోయింది. సిద్ధాంత గ్రంథాల విషయంలో పరిస్థితి మెరుగుపడింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో ఇప్పుడు 5 లక్షలకు పైగా పీహెచ్‌డీ గ్రంథాలు ఎవరైనా చదువుకోవచ్చు. వాటిలో పేజీలను స్కాన్ చేసి పెట్టినవి చాలా ఉన్నాయి. వాటిని ముందు పాఠంగా మార్చుకోవాలి.

తెలుగులో ఉన్న రికార్డులకు ఇంకో మెట్టు ఎక్కాలి. గుణింతాలు, వత్తులు పైనా కిందా చేరే మన లిపిలో, పాత అచ్చులో వచ్చిన పేజీని కంప్యూటర్ తప్పుల్లేకుండా గుర్తించడం కష్టం. గుర్తించినా జీవుల పేర్లతో పేచీ ఉంది. ‘జెల్ల’ అంటే ఒకే చేప కాదు, మీసాల చేపల్లో కొన్నింటికి అది ఉమ్మడి పేరు. ఏ ఊళ్లో ఏ చేపను ఏమంటారో తెలిసిన మత్స్యకారుల సాయం లేకుండా ఆ పేరును శాస్త్రీయ నామంతో జతచేయలేం.

తాళం వేసిన అల్మారాలు

పత్రం ఇంటర్నెట్‌లో ఉన్నంత మాత్రాన దాన్ని యంత్రంతో చదివించే హక్కు వచ్చినట్టు కాదు. చాలా జర్నల్స్‌కు చందా కట్టాలి. చందా ఉన్నా ఒకేసారి వేల పత్రాలను దించుకోనివ్వని ప్రచురణకర్తలున్నారు. దీనికి దారి వెతికే ప్రయత్నం ఒకటి ఢిల్లీలో మొదలైంది. సమాచార హక్కుల ఉద్యమకారుడు కార్ల్ మలముద్ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి 7.3 కోట్ల పత్రాల నిధిని సిద్ధం చేస్తున్నట్టు 2019లో నేచర్ పత్రిక వెల్లడించింది. ఎవరూ పత్రాలను చదవకుండా, దించుకోకుండా, ప్రోగ్రామ్‌తో విశ్లేషణ మాత్రమే చేసేలా దాన్ని రూపొందించారు.

2021లో మలముద్ ‘జనరల్ ఇండెక్స్’ను విడుదల చేశారు. 10.7 కోట్ల పత్రాల్లోని పదాలను, ఐదు పదాల వరకు ఉన్న పదబంధాలను ఇందులో ఉచితంగా వెతకవచ్చు. పత్రం మొత్తం ఇవ్వదు గానీ ఏ మాట ఏ పత్రంలో ఉందో చెబుతుంది.

చట్టం సంగతి దేశానికో రకంగా ఉంది. బ్రిటన్ 2014లో, ఐరోపా సమాఖ్య 2019లో పరిశోధన కోసం టెక్స్ట్ మైనింగ్‌కు కాపీరైట్ మినహాయింపు ఇచ్చాయి. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో ఆ పేరుతో మినహాయింపు లేదు. పరిశోధనకు న్యాయమైన వినియోగం కిందికి ఇది వస్తుందా అన్నది చర్చనీయాంశం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం రూ.6,000 కోట్లతో, మూడేళ్ల పాటు, సుమారు 13 వేల జర్నల్స్‌ను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందిస్తోంది. జిల్లా కళాశాలలోని అధ్యాపకుడికి చదవడానికి దారి దొరికింది. యంత్రంతో చదివించే సంగతీ స్పష్టమైతే దాని ప్రయోజనం రెట్టింపవుతుంది.

వేగం ఉంది, సరిచూడక తప్పదు

చాట్‌బాట్ల వెనుక ఉన్న పెద్ద భాషా నమూనాలు ఈ రంగంలోకీ వచ్చాయి. చెట్లకు సోకే కొత్త తెగుళ్ల గురించిన పత్రాల నుంచి సమాచారం రాబట్టే పనిలో అలాంటి ఒక నమూనాను మనిషితో పోల్చి చూసిన అధ్యయనం 2024లో ఎన్‌పీజే బయోడైవర్సిటీలో వచ్చింది. నమూనా మనిషి కంటే 50 రెట్లకు పైగా వేగంగా పనిచేసింది. ఏ చెట్టు, ఏ తెగులు వంటి వివరాల్లో 90 శాతానికి మించి కచ్చితత్వం చూపింది. కొన్ని రకాల అంకెల దగ్గర మాత్రం తడబడింది.

ప్రకృతి మార్పుల అధ్యయనంలో అంకెలే కీలకం. మూడు వందల పక్షులు మూడు వేలయితే సరస్సు చరిత్రే మారిపోతుంది. అందుకే రాబట్టిన ప్రతి అంకె పక్కన అది వచ్చిన మూల వాక్యాన్ని, పేజీ సంఖ్యను ఉంచాలి. ఎవరైనా వెనక్కి వెళ్లి సరిచూసుకోగలగాలి. ఆ వీలు లేని పట్టిక ఎంత పెద్దదైనా దానిపై ఆధారపడి అభయారణ్యం హద్దులు గీయడం, జాలర్ల జీవనోపాధిని తేల్చడం ప్రమాదకరం.

ఇదంతా నేటి పరిశీలకులకు ఒక పనిని అప్పగిస్తోంది. రేపటి యంత్రాలు చదివేది ఇప్పుడు రాస్తున్న కాగితాలనే. చూసిన జీవి స్థానిక నామంతో పాటు శాస్త్రీయ నామం, ఊరి పేరుతో పాటు అక్షాంశ రేఖాంశాలు, కచ్చితమైన తేదీ, లెక్కించిన పద్ధతి రాస్తే ఆ పరిశీలన పోకుండా నిలుస్తుంది. వెతికినా కనిపించలేదన్న మాట కూడా రాయాలి. ఆరేడులో గూడబాతులను చూసిన మనిషి ఆ సంగతి రాసి అచ్చుకు పంపకపోయి ఉంటే, ఎన్ని కోట్ల పేజీలు జల్లెడ పట్టినా ఇవాళ ఆ స్థావరం గురించి తెలిసేది కాదు.